ఆల్టర్నేటరు – నాలుగు ప్రమాణములు

కొనుట వేఱు, ఎంచుకొనుట వేఱు. కొనుటకు ధనము చాలును. ఎంచుకొనుటకు విచారణ కావలెను. మన గృహస్థులలో చదువుకొన్నవారు సయితము ఈ రెంటిని ఒక్కటిగా భావించుట మేము తఱచుగా చూచుచున్నాము. చీర కొనునపుడు అంచు తిరగవేసి చూతురు. వంకాయలు కొనునపుడు తొడిమ యెత్తి చూతురు. మామిడిపండును ముక్కుకడ నుంచుకొని గాని బుట్టలో వేయరు. కాని వేలకొలది రూపాయల యంత్రభాగమొకటి కొనవలసి వచ్చినప్పుడు మాత్రము "మంచి కంపెనీదేనా?" యని యొక ప్రశ్నయు, "ఎంత తగ్గింతురు?" అని మఱియొక ప్రశ్నయు వేసి డబ్బు చెల్లించుదురు. యంత్రము మన బుద్ధికి అందనిదని ముందుగనే తీర్మానించుకొనుట దీనికి కారణము. ఈ తీర్మానము వినయము కాదు, బద్ధకము.

ఈ నడుమ మా యింటి కారునకు ఆల్టర్నేటరు మార్చవలసిన యవసరము కలిగినది. అది యెట్లు చెడినదో, దాని స్థానమున మఱియొక దాని నెట్లు ఎంచితిమో చెప్పుట మా యింటి కథను విస్తరించుటకు కాదు. పాత కారును పోషించుచున్న ప్రతి మధ్యతరగతి సంసారమునకు నొకనాడు ఈ పని తటస్థింపక మానదు. ఆనాడు పనికివచ్చు నాలుగు మాటలు చదువరుల ముందుంచుట మా యుద్దేశము.

కారునకు విద్యుత్తు నిచ్చునది బ్యాటరీ యని లోకమున నొక భావము కలదు. అది సగము సత్యము. ఇంజనును మొదట కదలించుటకు కావలసిన శక్తిని బ్యాటరీ దాచియుంచును. ఇంజను తిరుగనారంభించిన వెనుక దీపములకును, పంకాలకును, వైపర్లకును, హారనుకును విద్యుత్తు నిచ్చుచు, బ్యాటరీ వెచ్చించిన దానిని మరల నింపునది ఆల్టర్నేటరు. బ్యాటరీ గాదె, ఆల్టర్నేటరు పంట. పంట లేని యింట గాదె యెంత పెద్దదైన నేమి? కొన్నాళ్లు తిందురు, పిదప అడుగు గోకుదురు.

ఇంజను ప్రక్కన బెల్టుతో తిరుగు గుండ్రని లోహపుపెట్టె యిది. దాని నడుమ తీగ చుట్టిన విద్యుదయస్కాంత మొకటి తిరుగుచుండును. చుట్టును కదలక యుండు తీగచుట్టలలో అటునిటు పరువెత్తు ఏకాంతర విద్యుత్తు పుట్టును. డయోడులను చిన్న కవాటములు ఆ పరుగును ఒక్క దిక్కునకు మరల్చును. రెగ్యులేటరు అనునది అయస్కాంతమునకు పోవు విద్యుత్తును హెచ్చించుచు తగ్గించుచు, ఇంజను వేగముగా తిరిగినను నెమ్మదిగా తిరిగినను, వోల్టేజిని 14 దరిదాపున నిలుపును. ఇంతకంటె నిందులో రహస్యము లేదు. అయస్కాంతమును కదలించినచో తీగలో విద్యుత్తు పుట్టునని 1831వ సంవత్సరమున కనుగొనినవాడు మైకేల్ ఫారడే. అతడు కమ్మరి కుమారుడు. బాల్యమున పుస్తకములు కుట్టు దుకాణమున శిష్యరికము చేసినవాడు. ఈ సంగతిని చదువరులు జ్ఞాపకముంచుకొనవలెనని కోరుచున్నాము. దీనితో ముందు పని కలదు.

పూర్వపు కారులలో ఆల్టర్నేటరు లేదు, డైనమో యుండెడిది. అందులో పుట్టిన విద్యుత్తంతయు బొగ్గుబ్రష్షుల మీదుగానే వెలికి రావలసి యుండుటచే అవి త్వరగా అరిగెడివి. ఇంజను నెమ్మదిగా తిరుగునపుడు అది యిచ్చునది స్వల్పము. సిలికాను డయోడులు వచ్చిన వెనుక, 1960లో అమెరికాలోని క్రైస్లర్ వారు తమ వేలియంట్ కారునకు ఆల్టర్నేటరు నమర్చిరి. క్రమముగా లోకమంతయు దానినే యనుసరించినది. మన ప్రాంతపు పెద్ద డ్రైవర్లు నేటికిని దీనిని డైనమో యనియే పిలుచుచున్నారు. వస్తువు మారినను పేరు మారలేదు. పేరును బట్టి వస్తువును నిర్ణయింపరాదనుటకు ఇదియు నొక చిన్న నిదర్శనము.

ఇక మా సంగతి. మా యింట కారు విలాసమునకు గాక పనికొఱకు ఉన్నది. దానిని నడుపునది మా యిల్లాలు. ఆమె మా యూరికి 22 కిలోమీటర్ల దూరముననున్న ఆసుపత్రిలో నర్సు. నెలలో పది రాత్రులు ఆమె కాలువగట్టు దారిన ఒంటరిగా పోవలెను. ఆ దారిలో దీపస్తంభములు లేవు. ఒక ప్రక్క నీరు, ఒక ప్రక్క వరిచేలు. అట్టి దారిలో హెడ్‌లైట్లు ఆరిపోయినచో ఏమగునో వర్ణింపనక్కఱలేదు. కనుక ఒక రాత్రి ఆమె యింటికి వచ్చి, "ఏమండీ, ఎదురుగా బ్యాటరీ బొమ్మ ఎఱ్ఱగా వెలిగినది, లైట్లు కూడ మసకబారినవి" యని చెప్పగా, ఆ మాటను మఱునాటికి వాయిదా వేయుటకు వీలులేకపోయినది.

వార్త వీథిలో ప్రాకినది. సలహాలు వచ్చినవి. బ్యాటరీ మార్చుడని యొకరు. ఏ కంపెనీదో పేరు చెప్పి అదియే కొనుడని యొకరు. గుమ్మడికాయ కొట్టి దిష్టి తీయించుడని యొకరు. కారు బంపరునకు నిమ్మకాయలు, మిరపకాయలు కట్టువారిని మేము వెక్కిరింపము. భయము గలవాడు ఏదో యొక దానిని పట్టుకొనును. కాని వారములో ఒక్కసారియైన బానెట్టు ఎత్తి బెల్టు బిగువు చూడని చేయి, నిమ్మకాయను మాత్రము ప్రతి శనివారము మార్చుచున్నదే యని చింతిల్లుచున్నాము.

మేము చిన్ననాట సంస్కృతపాఠశాలలో తర్కము చదివితిమి. గౌతముని న్యాయశాస్త్రము సత్యజ్ఞానమునకు నాలుగు మార్గములు చెప్పుచున్నది: ప్రత్యక్షము, అనుమానము, ఉపమానము, శబ్దము. ఈ నాలుగును పరీక్షలో వ్రాసి మార్కులు తెచ్చుకొనుటకే యుద్దేశింపబడినవని విద్యార్థులలో నొక నమ్మకము. ఆల్టర్నేటరు విషయమున వీనిని నాలుగింటిని మేము ప్రయోగించితిమి. నాలుగును పనిచేసినవి.

మొదటిది అనుమానము. పొగను చూచి నిప్పు నూహించుట వంటిది. దీపము మసకబారినది, కావున ఎక్కడనో విద్యుత్తు కొఱవడినది, ఇంతవఱకు నిజము. కాని "బ్యాటరీ నీరసించినది, కావున బ్యాటరీయే చెడినది" యనుట హేత్వాభాసము. హేతువువలె కనబడును గాని హేతువు కాదు. ఆకలితో సోలిన బిడ్డను చూచి రోగమని మందు పోసినట్లుండును. మా వీథిలోనే యొక గృహస్థు ఈ యాభాసమునకు లోబడి ఆఱు మాసములలో రెండు బ్యాటరీలు కొనెను. రెండును తిండిలేక చచ్చినవి. మూడవదానికి సిద్ధమగుచుండగా తెలిసినది, రోగము ఆల్టర్నేటరుదని. కొండనాలుకకు మందు వేయగా ఉన్న నాలుక ఊడెనన్న సామెత యిట్టివారి కొఱకే పుట్టినది.

కాన అనుమానమును ప్రత్యక్షముతో సరిచూడవలెను. ఇచ్చట ప్రత్యక్షమునకు సాధనము మల్టీమీటరు. నాలుగైదువందల రూపాయల వస్తువు. మా యూరి బస్సుస్టాండు వెనుక నొక ఆటో ఎలక్ట్రీషియను కలడు. పదవ తరగతి దాటలేక చదువు మానిన మా పాఠశాల విద్యార్థి, ఇప్పుడు ముప్పదియేండ్లవాడు. అతడు వచ్చి, ఏ భాగమును విప్పకముందే, మీటరు తీగలు బ్యాటరీ మీద నుంచెను. ఇంజను ఆపియున్నప్పుడు 12.3 వోల్టులు. నిండుగా నున్న బ్యాటరీ 12.6 చూపవలెను. ఇంజను నడిపించిన వెనుక 14 దరిదాపునకు పెరుగవలసినది, పెరుగలేదు. హెడ్‌లైట్లు వేయగా 12కు దిగినది.

"మాస్టారూ, బ్యాటరీ మీద కోపము వద్దండి. పాపము, దానికి అన్నము పెట్టువాడు లేడు" అని అతడు నవ్వెను.

అయినను అతడు వెంటనే ఆల్టర్నేటరును నిందింపలేదు. బెల్టు వదులై జాఱుచున్నదేమో చూచెను, లేదు. ఇంజనునకు, బ్యాటరీకి నడుమ నుండు ఎర్తు తీగ తుప్పుపట్టినదేమో చూచెను, లేదు. పెద్ద ఫ్యూజు కాలినదేమో చూచెను, లేదు. ఈ మూడింటిలో ఏ యొక్కటి చెడినను లక్షణ మించుమించుగా నిట్లే యుండును. ఖర్చు మాత్రము పదవవంతు కూడ నుండదు. అన్నియు చూచిన తరువాతనే ఆల్టర్నేటరును దింపి విప్పెను. బొగ్గుబ్రష్షులు మొదలంట అరిగినవి. బేరింగు గఱగఱలాడుచున్నది. డయోడు పలక యొకచోట నల్లబడినది. బ్రష్షులు మాత్రమే అరిగియున్నచో అవి మార్చి ఊరకుండవచ్చుననియు, మూడును చెడినప్పుడు బాగుచేయించిన ఖర్చు మఱియొక దాని వెలకు చేరువగుననియు అతడు లెక్క చెప్పెను. ఇట్లు మార్పు అవసరమని తేలినది.

ఇక ఏది కొనవలెను? మా ముందు నాలుగు దారులు నిలిచినవి. కారు కంపెనీ పేరుగల పెట్టెలో వచ్చు క్రొత్తది 11,000 రూపాయలు. విడిభాగముల తయారీదారు తన పేరుతో అమ్ము క్రొత్తది 7,000. పాతదానిని విప్పి, అరిగినవి మార్చి, మరల కూర్చినది 3,500. తుక్కుబండినుండి ఊడదీసినది 2,000. మొదటిదే శ్రేష్ఠమని గౌరవముకోరువాడు తలచును. చివరిదే లాభమని పిసినారి తలచును. ఇద్దఱును ధరను చూచుచున్నారే గాని వస్తువును చూచుట లేదు.

సాధారణముగా కారు కంపెనీలు ఆల్టర్నేటరును స్వయముగా తయారుచేయవు. లూకాస్ టీవీఎస్, డెన్సో, వేలియో వంటి సంస్థలు తయారుచేసి వారికి అందించును. కాన, మీ కారునకు మొదట అమర్చిన సంస్థ యేదో పాతదాని మీది చీటీని బట్టి తెలిసికొని, ఆ సంస్థ పెట్టెలోనే, అదే సంఖ్యగల దానిని కొన్నచో, తఱచుగా వస్తు వొక్కటే, వెల తక్కువ. ఇక మరల కూర్చినది చెడ్డదని యనరాదు. కూర్చినవాడు బేరింగులు, బ్రష్షులు, డయోడులు, రెగ్యులేటరు నిజముగా మార్చి, బల్లమీద త్రిప్పి పరీక్షించి, హామీ వ్రాసి యిచ్చినచో అది మితవ్యయము. పాత రాగిని మరల వాడుకొనుట దేశమునకును మంచిది. పైన రంగు మాత్రము పూసి యిచ్చినచో అది మోసము. తుక్కుబండిదాని సంగతి అడుగనక్కఱలేదు; దాని ఆయువు ఎవరికిని తెలియదు.

మా లెక్క మేము వేయుచుండగా మా యిల్లాలు వంటింటినుండి వచ్చి, "రాత్రిపూట ఆ గట్టుమీద నుండునది నేను కదా! మిగిలిన డబ్బు ఆ చీకటిలో నాకు దీపము పట్టదు. అట్లని పెట్టె మీది పేరునకు నాలుగువేలు ఎక్కువ పోయుటయు నాకు ఇష్టము లేదు" అనెను. రెండవ దారి నిశ్చయమైనది. ఇంటిలో ఒక వస్తువును ఎవరు వాడుదురో, దాని యెంపికలో వారి మాట మొదట వినవలెనని మా యభిప్రాయము. కుట్టుమిషను, గ్యాసుపొయ్యి, కారు, వీనిని వాడు స్త్రీలను అడుగక పురుషులు కొనితెచ్చు ఆచారము ఇకనైన నశించుగాక.

మూడవది ఉపమానము. అడవికి పోవు పట్టణవాసితో "గవయము గోవువలె నుండును" అని చెప్పగా, అతడు అడవిలో దానిని చూచి, పోలికచే గుర్తించునని శాస్త్రమున దృష్టాంతము. మేము పాత ఆల్టర్నేటరును సంచిలో వేసికొని, ఎలక్ట్రీషియనును వెంటబెట్టుకొని, విజయవాడ ఆటోనగరునకు పోతిమి. దుకాణదారుడు కారు పేరు వినినంతనే యొక పెట్టె తెచ్చి బల్లమీద పెట్టెను. పాతది ప్రక్కన నుంచగా రెండును కవలపిల్లలవలె నుండెను. కాని మా శిష్యుడు వేలితో తడవి చూచి, "పాతదాని చక్రమునకు నాలుగు గాళ్లు, దీనికి అయిదు" అనెను. ఒకే కారు పేరుతో వేర్వేరు సంవత్సరములలో వచ్చిన బండ్లకు వేర్వేరు భాగములుండును. కావున కారు పేరు చెప్పిన చాలదు. చక్రముపై గాళ్ల సంఖ్య, చక్రపు వ్యాసము, బోల్టు చెవుల నడిమి దూరము, తీగలు చేరు ప్లగ్గు ఆకారము, అందలి సూదుల సంఖ్య, ఇవి అన్నియు సరిపోవలెను. క్రొత్త కారులు కొన్నింటిలో వోల్టేజిని ఇంజను కంప్యూటరే ఆజ్ఞాపించును. అట్టివానికి ఆకారము కలిసినను భాష కలియనిచో ఆల్టర్నేటరు పనిచేయదు.

ఇచ్చట నొక హెచ్చరిక. మన దారులలో తిరుగు డీజెలు బండ్లు కొన్నింటిలో బ్రేకులకు బలమిచ్చు వాక్యూము పంపు ఆల్టర్నేటరు వెనుకనే అమర్చబడి యుండును. అట్టి బండికి పంపు లేనిదో, పంపు అరిగినదో తగిలించినచో చెడునవి దీపములు కావు, బ్రేకులు. బ్రేకుపెడలు రాయివలె గట్టిపడును. దీపమునకై చేసిన పొదుపు ప్రాణము మీదికి వచ్చును. డీజెలు బండిగలవారు ఈ మాటను గోడమీద వ్రాసికొనవలెను.

తరువాత ఆంపియర్ల ప్రశ్న. మా పాతది 65 ఆంపియర్లది. దుకాణములో నొక పెద్దమనిషి "75 ఉన్నది తీసికొన్నచో బ్యాటరీ కాలిపోవును" అని భయపెట్టెను. ఇది విశేషముగా వ్యాపించిన అపోహ. ఆంపియర్ల సంఖ్య ఆల్టర్నేటరు ఇయ్యగల గరిష్ఠమే గాని బలవంతముగా త్రోయునది కాదు. పెద్ద చెఱువు ఉన్నంతమాత్రమున చేను మునుగదు; తూము ఎంత తెఱచిన అంతే నీరు. బ్యాటరీని కాల్చునది అదుపు తప్పిన వోల్టేజి; అనగా చెడిన రెగ్యులేటరు. అయితే పెద్దదానిని పెట్టువారు దాని గరిష్ఠమును తీగయు, ఫ్యూజును భరింపగలవేమో చూచుకొనవలెను. తక్కువదానిని మాత్రము ఎన్నడును పెట్టరాదు. లెక్క కష్టమైనది కాదు. వాట్లను వోల్టులచే భాగించిన ఆంపియర్లు వచ్చును. 55 వాట్ల హెడ్‌లైట్లు రెండింటికి 9, చిన్న దీపములకు 3, వైపర్లకు 4, ఏసీ పంకాకు 12, రేడియేటరు పంకాకు 12, ఇంజను తన కొఱకు వాడుకొనునది 10. వానరాత్రి మా కారు కోరునది సుమారుగా 50 ఆంపియర్లు. ఇంజను నెమ్మదిగా తిరుగునపుడు ఆల్టర్నేటరు తన గరిష్ఠములో సగమో, కొంచెము హెచ్చో మాత్రమే ఇచ్చును. ఆ మిగులు అందుకొఱకే. మేము 65దే, పాత సంఖ్యతో సరిపోలునదే, బిల్లుతోను, ఒక సంవత్సరపు హామీతోను తీసికొంటిమి. బిల్లు వద్దన్నచో కొంత తగ్గింతుమని వారు చెప్పిరి. బిల్లు లేని హామీ గాలిలో మాట. అంతేకాక, పన్ను ఎగవేసి దేశాభివృద్ధిని గూర్చి ఉపన్యసించుట మాకు చేతకాదు.

ఇల్లలుకగానే పండుగ కాదు. బిగించుటకు ముందు బ్యాటరీ ఋణధ్రువపు తీగను విప్పవలెను. లేనిచో పానా తగిలి నిప్పురవ్వలు లేచును. నీరసించిన బ్యాటరీని ముందుగా చార్జరుతో నింపవలెను. ఆకలిగొన్న బ్యాటరీని క్రొత్త ఆల్టర్నేటరు మీదికి తోలినచో అది కాగిపోవును. బ్యాటరీ తీగలను తారుమారు చేసినచో డయోడులు క్షణములో నాశనమగును. ఇంజను నడుచుచుండగా బ్యాటరీ తీగ ఊడబెఱికి పరీక్షించు పాత అలవాటు కొందఱిలో నేటికిని ఉన్నది. అది వోల్టేజిని ఒక్కసారిగా ఎగయించి కారులోని ఎలక్ట్రానిక్ భాగములను చంపగలదు. మా శిష్యుడు వీనినన్నింటిని పాటించి, ఇంజను నడిపి, మరల మీటరు పెట్టెను: 14.2. దీపములు, పంకాలు, వైపర్లు అన్నియు వేసి చూచెను: 13.8. ఆ రెండు సంఖ్యలను తన దుకాణపు తలుపు మీద సుద్దతో తేదీ వేసి వ్రాసెను. ఆఱు మాసముల వెనుక సరిచూచుటకట.

ఇప్పుడు నాలుగవది, శబ్దప్రమాణము. అనగా ఆప్తుని మాట. ఆప్తుడనగా నెవరు? విషయమును స్వయముగా నెఱిగి, ఎఱిగినదానిని ఉన్నదున్నట్లు చెప్పగోరువాడు. ఈ లక్షణము ఋషికిని, ఆర్యునికిని, మ్లేచ్ఛునికిని సమానమే యని న్యాయభాష్యకారుడైన వాత్స్యాయనుడు ఎన్నడో చెప్పియున్నాడు. ఆప్తత్వమునకు కులము లేదు, పట్టము లేదు, తెల్లచొక్కా లేదు. ఆ భాష్యమును చదివిన మనమే, ఆంగ్లపుస్తకములలో ఫారడేను కొనియాడు మనమే, గ్రీజుచేతుల వానిని "ఏమిరా" యని పిలిచి, నూఱురూపాయలకై గంటసేపు వాదింతుము. మా శిష్యుడు సగము దినము వెచ్చించి, ఏడువేలకు బదులు పదకొండువేలు పోకుండ కాపాడి, దుకాణదారు చాటుగా ఇయ్యవచ్చిన కమీషనును త్రోసివేసి, చివరకు అడిగినది 600 రూపాయలు. అతని జ్ఞానమునకు మనము పెట్టిన పేరు కూలి. ఇట్టి జ్ఞానమునే ఒక వైద్యుడో, న్యాయవాదియో చూపినచో దానికి ఫీజు అని పేరు. దానిని బేరమాడుట అమర్యాద. పేరు మారినంత మాత్రమున విలువ మారునా?

కావున చదువరులకు మా విన్నప మిది. మీ కారు దీపము మసకబారిననాడు ముందు మీటరు పెట్టించుడు, తరువాత బెల్టును, తీగలను చూపించుడు, పాతదానిని వెంటగొనిపోయి ప్రక్కన బెట్టి పోల్చుడు, వాడువారిని అడుగుడు, ఎఱిగినవానిని అడుగుడు. ఎఱిగినవాడు చెప్పినది విని, అతనిని మీరు అని పిలిచి, అతడు కోరినది బేరమాడక యిచ్చి పంపుడు. పదవ తరగతిలో తప్పినట్లు పాఠశాల పుస్తకములో వ్రాయబడిన యొకని విద్యవలన మా యింటి యిల్లాలు ఇప్పుడు రాత్రులు నిర్భయముగా కాలువగట్టు దాటుచున్నది.